పెరటి గడ్డి కుందేలుకు పనికిరాదా?

"తిమోతి గడ్డి కొనగలిగితేనే కుందేలును తెచ్చుకోండి. కొనలేకపోతే ఆ ప్రాణిని హింస పెట్టకండి." హైదరాబాదులో కుందేళ్ళు పెంచేవాళ్ళు నలుగురు చేరిన చోట ఈ మాట వినపడుతుంది. పెంపుడు జంతువుల దుకాణాల్లో వినపడుతుంది. కొందరు పశువైద్యులైతే మందుల చీటీ మీదే తిమోతి అని రాసిస్తున్నారు. ఈ మాట అనేవాళ్ళలో ఎక్కువమంది కుందేలంటే ప్రాణం పెట్టేవాళ్ళే. వాళ్ళ ఉద్దేశంలో కల్మషం లేదు. అయినా ఈ మాట తప్పు. తప్పు మాత్రమే అయితే వదిలేయవచ్చు. దీనివల్ల మన ఊళ్ళలో కుందేళ్ళు గడ్డి లేకుండా బతుకుతున్నాయి, గడ్డి లేకే చస్తున్నాయి. అందుకే దీన్ని గట్టిగా ఖండించాలి.

ఈ వాదంలో రెండు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. కుందేలుకు ప్రధానాహారం గడ్డి అన్నది ఒకటి. ఆ గడ్డి విదేశం నుంచి వచ్చిన తిమోతే అయి తీరాలన్నది రెండోది. మొదటిది నూటికి నూరుపాళ్ళూ నిజం. ఆ నిజాన్ని చూపించి రెండోదాన్ని మన నెత్తిన రుద్దుతున్నారు.

మొదటిదాని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే మన ఇళ్ళలో చాలావాటికి అదే ఇంకా చేరలేదు. కుందేలు అనగానే క్యారెట్. తర్వాత క్యాబేజీ ఆకులు, బిస్కెట్లు, ఒక్కోచోట పెరుగన్నం కూడా. కాస్త తెలిసినవాళ్ళయితే దుకాణంలో అమ్మే రంగురంగుల పెల్లెట్లు. ఇవేవీ కుందేలు నోటికీ పేగుకూ సరిపోయే తిండి కావు.

కుందేలుకు 28 పళ్ళు. అన్నీ బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్ళు వారానికి రెండు మిల్లీమీటర్లకు పైగా పెరుగుతాయి. లోపలి దవడ పళ్ళు కూడా ఆగవు, కాకపోతే అవి మనకు కనపడవు. ఒక పొడవాటి గడ్డి పోచ అందించి దగ్గరగా కూర్చుని చూడండి. ముందు పళ్ళతో కొస పట్టుకుంటుంది. పోచ నోట్లోకి కొంచెం కొంచెంగా జరుగుతుంటే కింది దవడ పక్కలకు ఆడుతుంది. చెవి దగ్గర పెడితే సన్నగా కరకరమని వినపడుతుంది. నిమిషానికి వందకు పైగా అలా ఆడించగలదు. గడ్డిలో ఇసుకలాంటి సిలికా రేణువులుంటాయి. అడ్డంగా ఆడే ఆ దవడ మధ్య, ఆ రేణువుల ఒరిపిడికి, పళ్ళు పెరిగినంతా అరుగుతాయి. పెల్లెట్‌నో క్యారెట్‌నో తినేటప్పుడు ఈ ఆట ఉండదు. పైనుంచి కిందికి రెండు నొక్కులు, మింగడం. పళ్ళు అరగవు. అంచులు మొనలు తేలి నాలుకనూ బుగ్గనూ కోస్తాయి. ఆకలితో గిన్నె దాకా వచ్చి, ఒకసారి వాసన చూసి, తినలేక వెనక్కి తిరిగిపోయే కుందేలును చూసినవాళ్ళకు దాని బాధ ఏమిటో చెప్పనక్కర్లేదు. గడ్డం కింద జొల్లు కారి వెంట్రుకలు తడిగా అంటుకుపోయి ఉంటాయి.

పేగుది మరో కథ. కుందేలుకు వాంతి చేసుకునే వీలు లేదు. నోట్లోకి వెళ్ళింది వెనక నుంచే బయటికి రావాలి. ఆ పేగును కదిలించేది పొడవాటి పీచు. జీర్ణం కాని ముతక పీచును పెద్దపేగు వేరుచేసి గుండ్రటి పెంటికలుగా బయటికి తోస్తుంది. మెత్తటి భాగాన్ని అంధనాళంలోకి మళ్ళించి పులియబెడుతుంది. అక్కడ తయారైన మెత్తటి, నల్లటి గుత్తులను కుందేలు మలద్వారం దగ్గరే నోటితో అందుకుని మళ్ళీ తింటుంది. వాటిలోని మాంసకృత్తులూ విటమిన్లూ దానికి అవసరం. ఇది చూసి అసహ్యించుకుని కొట్టేవాళ్ళున్నారు. అది రోగమూ కాదు, చెడ్డ అలవాటూ కాదు. ముతక పీచు తగ్గితే ఈ ఏర్పాటంతా మందగిస్తుంది. పేగు నిలిచిపోతుంది, గ్యాస్ పడుతుంది, నొప్పికి తినడం మానేస్తుంది, తినకపోవడంతో పేగు ఇంకా నిలిచిపోతుంది. పూట గడిచినా కుందేలు తినలేదు, పెంటిక వేయలేదు అంటే రేపు చూద్దాం అనుకోకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇంతవరకూ తిమోతివాదులకూ నాకూ పేచీ లేదు. ఎదిగిన కుందేలు తిండిలో ముప్పాతిక వంతుకు పైగా గడ్డే ఉండాలి, రాత్రీ పగలూ దాని ముందు గడ్డి ఉండాలి, పెల్లెట్లు గుప్పెడు మించకూడదు, క్యారెట్ ఎప్పుడన్నా ఓ ముక్క చాలు. ఇవన్నీ వాళ్ళు చెప్పినట్టే. కానీ పైన చెప్పిన పంటి సంగతిలో, పేగు సంగతిలో ఎక్కడైనా తిమోతి పేరు వచ్చిందా? పొడవాటి కాడ కావాలి, ముతక పీచు కావాలి, సిలికా కావాలి, చక్కెరా కాల్షియమూ మితంగా ఉండాలి. ఈ గుణాలు గడ్డి కుటుంబంలో దాదాపు అన్ని మొక్కలకూ ఉన్నాయి.

మరి తిమోతికి ఈ పెద్దపీట ఎలా వచ్చింది? ఆ గడ్డి ఐరోపాది. అక్కడి నుంచి వలసదారుల వెంట అమెరికాకు పోయింది. 18వ శతాబ్దపు తొలి దశకాల్లో తిమోతి హాన్సన్ అనే రైతు దాన్ని దక్షిణాది వలస ప్రాంతాలకు వ్యాపింపజేశాడని, ఆయన పేరే దానికి నిలిచిపోయిందని చెబుతారు. చలి దేశపు గడ్డి. కోసి ఎండబెడితే చక్కగా నిలవ ఉంటుంది, మోపు కట్టడానికి అనువు. మోటారు బండ్లు రాక ముందు అమెరికా నగరాల్లో బండ్లు లాగిన లక్షలాది గుర్రాలకు అది మేత అయింది. ఆ గిరాకీ మీద దాని వ్యాపారం పెరిగింది. ఇవాళ వాషింగ్టన్ రాష్ట్రంలో ఎలెన్స్‌బర్గ్ చుట్టుపక్కల పండే తిమోతి ఓడలెక్కి జపాను, కొరియా దాకా పోతోంది. గుర్రాల కోసం పెరిగిన ఆ సరుకులోంచే అక్కడివాళ్ళు తమ కుందేళ్ళకూ వేశారు, ఎందుకంటే అక్కడ సులువుగా, చవగ్గా దొరికేది అదే. వాళ్ళు చేసింది తెలివైన పని. తమ ఊళ్ళో మంచిది ఏది దొరుకుతుందో దాన్ని ఎంచుకున్నారు. మనం వాళ్ళ నుంచి నేర్చుకోవలసింది ఆ పద్ధతి. ఆ పద్ధతిని వదిలేసి వాళ్ళ సంచిని మాత్రం తెచ్చుకున్నాం.

పైగా కుందేలు పుట్టిల్లు తిమోతి పచ్చిక బయళ్ళు కాదు. ప్రపంచంలోని పెంపుడు కుందేళ్ళన్నీ ఒకే జాతి నుంచి వచ్చాయి. ఆ అడవి జాతి స్పెయిన్, పోర్చుగల్, నైరుతి ఫ్రాన్సు ప్రాంతాలది. అక్కడ స్పెయిన్ దక్షిణ భాగమంతా ఎండాకాలంలో గోధుమరంగుకు తిరిగే పొడి నేల. ఎండి గిడసబారిన గడ్డీ, పొదల బెరడూ తిని బతకడానికే ఆ జీవి పేగు తయారైంది. మన చేలల్లో పరిగెత్తే చెవులపిల్లి వేరే జాతి, వన్యప్రాణి. దాన్ని పట్టుకోవడం, పెంచడం 1972 నాటి చట్టం ప్రకారం నేరం. అయినా అది దక్కను మెరక నేలల మీద ఏ విదేశీ గడ్డీ లేకుండా వేల ఏళ్ళుగా పళ్ళు అరగదీసుకుంటూనే ఉంది.

ఇప్పుడు గరిక సంగతి. వినాయకుడి పత్రిలో తప్పనిసరిగా ఉండే గరిక, పొలం గట్ల మీద, కాలవ ఒడ్డున, ఇంటి ముందు మట్టి కనపడిన ప్రతిచోటా పాకే గరిక. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో దీన్నే బెర్ముడా గడ్డి అంటారు. జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త దీని నుంచి 'కోస్టల్' అనే రకాన్ని తయారుచేసి 1943లో విడుదల చేశాడు. టెక్సాస్ మొదలు ఫ్లోరిడా దాకా పశువులకూ గుర్రాలకూ అది ముఖ్యమైన ఎండుగడ్డి అయింది. ఆ రాష్ట్రాల్లో కుందేళ్ళు పెంచేవాళ్ళు కూడా దాన్ని నిశ్చింతగా వేస్తారు. డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ మనవాళ్ళ పిల్లలు కుందేలును పెంచుకుంటే, ఊరి చివర మేత దుకాణంలో మోపు లెక్కన దొరికేది చాలాసార్లు ఈ గడ్డే. అక్కడ గరిక తిన్న కుందేలు బాగుంటుంది, ఇక్కడ గరిక తింటే పాడైపోతుందా? పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇంగ్లీషు దొరల కాలంలో అశ్వదళాల గుర్రాలకు మన దేశంలో గడ్డి కోసుకొచ్చే పని కోసమే మనుషులుండేవారు. వాళ్ళు వెతికి వెతికి తెచ్చిన వాటిలో గరికది మేలైన స్థానం. ఇక మన దేశానికే చెందిన అంజన్ గడ్డి ఉంది. ఎండకు తట్టుకుంటుంది, తేలికపాటి నేలల్లోనూ పెరుగుతుంది, ఎండబెడితే కాడ సన్నగా, ఆకు నిలిచి ఉంటుంది. నెల్లూరు, ఒంగోలు వైపు చెంగలి గడ్డి ఉంది. ఒంగోలు పశువుల పుష్టికి పేరుపడ్డ మేత అది. రోడ్స్ గడ్డిని పాడి రైతులు వేస్తున్నారు. చలికాలంలో ఓట్స్ పైరును మేత కోసం పండిస్తున్నారు. గింజ పాలు పోసుకునే దశలో కోసి ఎండబెట్టిన ఓట్స్ గడ్డిని కుందేళ్ళు ఎంత ఇష్టంగా తింటాయో చూసినవాళ్ళకే తెలుస్తుంది. ముందు కంకి కొరికి, తర్వాత కాడకు వస్తాయి. ఝాన్సీలో 1962 నుంచి కేంద్ర ప్రభుత్వానికి పచ్చిక, పశుగ్రాసాల పరిశోధన సంస్థ ఉంది. రాజస్థాన్‌లోని అవికానగర్‌లోనూ, కొడైకెనాల్ దగ్గరి మన్నవనూరులోనూ కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ దశాబ్దాలుగా కుందేళ్ళను ఇక్కడి మేతతోనే పెంచుతోంది. మాంసం కోసం, ఉన్ని కోసం పెంచే కుందేళ్ళకూ పదేళ్ళు ఇంట్లో బతకాల్సిన కుందేలుకూ తేడా ఉందని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. ఆ తేడా పిండిపదార్థాల దాణా విషయంలో వస్తుంది. గడ్డి విషయంలో రాదు.

లెక్క చూద్దాం. రెండు కిలోల కుందేలు రోజుకు దాదాపు వంద గ్రాముల ఎండుగడ్డి తింటుంది. తొక్కి పారేసేది కాక నెలకు మూడు కిలోలు. దిగుమతి తిమోతి కిలో ఐదారు వందల నుంచి వెయ్యి రూపాయల దాకా పలుకుతోంది. కుందేలు జంటగా ఉంటే తప్ప కుదురుగా ఉండని జీవి, కాబట్టి రెండు. ఒక ఆటో డ్రైవరు ఇంట్లోనో, ప్రైవేటు బడి టీచరు ఇంట్లోనో ఈ ఖర్చు ఎలా నడుస్తుంది? వాళ్ళ పాప ఏ అంగడి దగ్గరో కుందేలు పిల్లను చూసి ముచ్చటపడింది, నాన్న కొనిచ్చాడు. తర్వాత ఎవరో చెప్పగా దుకాణానికి వెళ్ళి అడిగితే, "సార్, ఇంపోర్టెడ్ తిమోతి ఒక్కటే సార్, లోకల్ గడ్డి పెడితే కడుపు పాడవుద్ది" అన్నారు. ధర విన్నాడు. తిరిగొచ్చాడు. ఇంటికొచ్చి ఏం చేశాడు? గరిక కోసుకురాలేదు, ఎందుకంటే లోకల్ గడ్డి పెట్టకూడదని ఇప్పుడే విన్నాడు. అదే దుకాణంలో నూట యాభైకి కిలో పెల్లెట్లు తెచ్చాడు. మాంసం కోసం పెంచే కుందేళ్ళను త్వరగా బరువెక్కించే దాణా తరహాది అది. మెత్తగా పిండిచేసి అచ్చుపోసింది. పొడవాటి పీచన్నది అందులో ఉండదు. రెండేళ్ళకు ఆ కుందేలు పళ్ళు పెరిగి చచ్చిపోతుంది. కుందేళ్ళు ఇంతే, రెండేళ్ళే బతుకుతాయి అనుకుంటారు ఇంట్లోవాళ్ళు. సరిగ్గా పెంచితే ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు బతికే జంతువది.

ఈ చావుకు ఎవరు బాధ్యులు? ఆ తండ్రి మాత్రం కాదు. గడ్డి మధ్య నిలబెట్టి గడ్డి లేదని చెప్పినవాళ్ళు. కొనలేకపోతే పెంచకండి అని అనేయడం తేలిక. ఆ కుందేలు అప్పటికే ఆ ఇంట్లో ఉంది. దానికి ఈ రాత్రి ఏం పెట్టాలన్నదే ప్రశ్న.

తిమోతివాదుల అభ్యంతరాల్లో గట్టివి లేకపోలేదు. వాటికి జవాబు చెప్పకుండా దాటేయడం న్యాయం కాదు.

పురుగుమందులు, మురుగు అంటారు. నిజమే, ఇది అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. ఉప్పల్ దాటాక పీర్జాదిగూడ, పర్వతాపురం, కాచవాని సింగారం వైపు మూసీ మురుగునీటితో ఎకరాలకెకరాలు పారా గడ్డి పెరుగుతుంది. నగరంలోని గేదెలకు అది మేత. 2000 తర్వాతి ఏళ్ళలో అంతర్జాతీయ నీటి నిర్వహణ సంస్థ పరిశోధకులు ఈ సాగును అధ్యయనం చేశారు. నగరంలో పారిశ్రామిక వ్యర్థాలూ కలిసే ఆ నీటి గడ్డి కుందేలుకు వద్దే వద్దు. పారా గడ్డిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. కాడ లావుగా, లోపల బోలుగా ఉంటుంది, కణుపుల దగ్గర తెల్లటి నూగు ఉంటుంది. అలాగే రోడ్డు పక్కది, కుక్కలు తిరిగే పార్కుల్లోది, కలుపుమందు కొట్టిన పచ్చిక మైదానాలది, యంత్రంతో కత్తిరించి కుప్పపోసిన తుక్కు కూడా వద్దు. ఆ తుక్కు గంటల్లోనే వేడెక్కి పులుస్తుంది. కానీ ఈ కారణాలు చూపి రాష్ట్రంలోని గడ్డినంతటినీ వెలివేయడం ఏ తర్కం? మూసీ కింద ఆకుకూరలు పండుతున్నాయని మనం ఆకుకూరలు మానేశామా? ఎక్కడివో అడిగి తెలుసుకుని కొంటున్నాం. గడ్డీ అంతే. ఏ రైతు, ఏ నీరు, ఏం కొట్టాడు అని అడగాలి. గడ్డిని పశువుల కోసం పెంచుకునే రైతు దాని మీద మందు కొట్టడం అరుదు. తన గేదెకు వేసేదే మనకూ ఇస్తాడు.

ఆక్సలేట్లు అంటారు. ఇదీ పూర్తిగా కొట్టిపారేయదగ్గది కాదు. నేపియర్, గినీ, అంజన్ వంటి ఉష్ణదేశపు గడ్డుల్లో, ఒంటికి కాల్షియం అందకుండా చేసే ఈ ఆక్సలేట్లు ఎక్కువ. వాటినే నెలల తరబడి తిన్న గుర్రాలకు ఎముకల జబ్బు వస్తుందని తెలిసిన విషయమే. అందుకని సూపర్ నేపియర్ ఒక్కదాన్నే ఏడాది పొడుగునా వేయకండి. దాని కాడ కూడా ముదిరితే చెరుకంత గట్టిగా ఉంటుంది, కుందేలు ఆకు తిని కాడ వదిలేస్తుంది. గరిక, రోడ్స్, ఓట్స్ ముఖ్యంగా పెట్టుకుని అంజన్‌నూ నేపియర్ ఆకునూ మధ్యమధ్యలో కలపండి. సన్నటి గరిక ఒక్కటే తిన్న గుర్రాలకు పేగు అడ్డుపడే ప్రమాదం ఉందని అమెరికా వైద్యులు చెబుతారు. కుందేలు గుర్రం కాదు, అది పోచను నూరే తీరు వేరు. అయినా ముతక గడ్డి కొంత కలపడం మంచిదే. నాలుగు రకాలు తినే కుందేలు ఏదో ఒకటి దొరకని వారం కూడా తినడం మానదు. ఒక్క తిమోతికే అలవాటుపడ్డ కుందేలు సంచి రావడం ఆలస్యమైతే ఏమవుతుందో ఆ వాదం చేసేవాళ్ళు ఆలోచించారా?

దిగుమతి సరుకు శుభ్రంగా, ఒకే తీరుగా ఉంటుందంటారు. కొన్ని సంచులు ఉంటాయి. కొన్నింటిని విప్పితే గోధుమరంగు తుక్కు, దుమ్ము, పొడి. ఆ సంచి మీద దేశం పేరు ఉంటుంది, బొమ్మ ఉంటుంది. ఎప్పుడు కోశారో చాలాసార్లు ఉండదు. కంటైనర్లో నెలలు, గోదాములో నెలలు గడిచిన గడ్డి అది. ఎండుగడ్డిని పేరు చూసి కొనకూడదు. గుప్పెట పట్టి చూడాలి. పచ్చదనం మిగిలి ఉండాలి. ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యటి వాసన రావాలి. ముక్కిన వాసన వచ్చిందంటే లోపల బూజు ఉన్నట్టే, రూపాయికిచ్చినా వద్దు. తెల్ల గుడ్డ మీద దులిపితే పోచలు పడాలి, దుమ్ము లేవకూడదు. ఈ పరీక్షలో నెగ్గితే తిమోతి మంచిదే, నేను దానికి శత్రువును కాను. గరిక నెగ్గితే గరికా మంచిదే.

'లోకల్' అన్న పేరుతో పనికిరానివి అంటగట్టే వ్యాపారులూ ఉన్నారు, అక్కడా జాగ్రత్త కావాలి. వరిగడ్డి ధాన్యం దులిపేసిన గడ్డి. పోషకం దాదాపు లేదు. పరుపుగా వేయండి, కొరికితే కొరకనివ్వండి, తిండిగా లెక్కపెట్టకండి. లూసర్న్, దశరథ గడ్డి, స్టైలో, వేరుశనగ కట్టె పప్పుజాతి మొక్కలు. ఆరు నెలల లోపు పిల్లలకూ చూలు కుందేలుకూ లూసర్న్ మంచిది. ఎదిగినదానికి అదే పనిగా పెడితే అందులోని కాల్షియం మూత్రంలో సున్నపు తేటలా దిగుతుంది. మూత్రాశయంలో ఇసుక, రాళ్ళు పడతాయి. లేత జొన్న పైరు పశువులనే చంపుతుందని ప్రతి రైతుకూ తెలుసు, దాని జోలికి పోవద్దు. మోపులో వయ్యారిభామ కలిసిందేమో చూసుకోండి. వెన్నుకు సూదుల్లాంటి గింజలుండి బట్టలకు గుచ్చుకునే గడ్డి వస్తే ఏరేయండి, అవి చిగుళ్ళలో దిగుతాయి.

"పచ్చిగడ్డి వేస్తే పోదా, ఎండబెట్టడం ఎందుకు?" అని ఊళ్ళో పెద్దవాళ్ళు అడుగుతారు. పోతుంది. రోజూ శుభ్రమైన పచ్చిగడ్డి దొరికేవాళ్ళకు అంతకన్నా మంచిది లేదు. మూడు కిలోల ఎండుగడ్డికి సరిపడా పచ్చిగడ్డి అంటే పన్నెండు నుంచి పదిహేను కిలోలు, అదీ ఏ రోజుకారోజు తాజాగా. అపార్టుమెంటులో అది కుదిరే పని కాదు. ఎండబెట్టుకుంటే నిలవ ఉంటుంది.

ఎండబెట్టడం మనకు తెలియని విద్యేమీ కాదు. వడియాలు పెట్టిన ఇళ్ళు, మిరపకాయలు ఆరబోసిన డాబాలు మనవి. తెలంగాణలో వానలు వెనక్కి తగ్గి గడ్డి ఇంకా పచ్చగా ఉండే అక్టోబరు చివర, నవంబరు దీనికి మంచి కాలం. కోస్తాలో తుపాన్ల భయం పోయాక మొదలుపెట్టాలి. వెన్ను అప్పుడప్పుడే తొంగిచూసే దశలో కోయించండి. బాగా ముదిరితే కాడే మిగులుతుంది, మరీ లేతదైతే పీచుండదు. మంచు ఆరాక కోసినదాన్ని డాబా మీద పాత చీర పరిచి పలచగా పరవాలి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండుసార్లు చేత్తో తిరగేయాలి. సాయంత్రం మంచు పడక ముందే ఎత్తి లోపల పెట్టాలి. మొదటి రోజు బాగా ఎండ తగిలాక మిగతా రెండు మూడు రోజులు నీడలో గాలికి ఆరితే ఆకుపచ్చ నిలుస్తుంది. మొత్తం మండుటెండలోనే వదిలేస్తే తెల్లగా పాలిపోతుంది. పైకి పొడిగా ఉన్నా కణుపు దగ్గర తడి దాగి ఉంటుంది. గోటితో కణుపును గీరి చూడాలి, పచ్చి తడి తగిలితే ఇంకో రోజు ఆరాలి.

నిలవకు పనికొచ్చేంత ఎండిందో లేదో చెప్పే పాత రైతుల పరీక్ష ఒకటుంది. గాజు సీసాలో గుప్పెడు గడ్డిని తుంచి వేసి, బాగా పొడిగా ఉన్న ఉప్పు రెండు చెంచాలు పోసి, మూత పెట్టి రెండు నిమిషాలు ఊపాలి. ఉప్పు రాలుతూ ఉంటే తేమ 15 శాతం లోపు ఉన్నట్టు. ఉండలు కట్టి గాజుకు అంటుకుంటే ఇంకా ఎండాలి. ఎండినదాన్ని గోనె సంచుల్లోనో అట్టపెట్టెల్లోనో నింపి నేలకు తగలకుండా ఎత్తున పెట్టండి. పాలిథిన్ సంచిలో కట్టేస్తే వారంలో బూజు పడుతుంది. ఇంత పని కుదరనివాళ్ళు ఊరి పాడి రైతుతో మాట్లాడుకుని, వాళ్ళ చేతే చేయించుకోవచ్చు. నాలుగు ఇళ్ళవాళ్ళు కలిస్తే ఆయనకూ గిట్టుబాటు అవుతుంది. గుడి దగ్గర ఆవులకు వేయడానికి గడ్డి కట్టలు అమ్మే ఆడవాళ్ళను అడిగి చూడండి. "కుందేలుకా బిడ్డా? ఇది నీళ్ళ గడ్డి, దానికొద్దు. రేపు గట్టు మీది గరిక తెస్త, తీస్కపో" అని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళకున్న ఈ ఎరుక సంచి అమ్మే దుకాణదారుకు లేదు.

"మా కుందేలు తిమోతి తప్ప ముట్టదండీ" అంటారు కొందరు. అలవాటు. కుందేలు వాసనను బట్టి తిండిని నమ్ముతుంది, కొత్త వాసనను అనుమానిస్తుంది. పాతదానిలో నాలుగో వంతు కొత్తది కలిపి, రెండు మూడు వారాల్లో వంతు పెంచుతూ పోవాలి. ఆ రోజుల్లో పెల్లెట్లు తగ్గించాలి. గిన్నె నిండా పెల్లెట్లున్నంత కాలం అది ఏ గడ్డినీ ముట్టదు, తిమోతినైనా సరే. గడ్డి తినని కుందేలు అని పేరుపడ్డవాటిలో చాలా భాగం పెల్లెట్లతో కడుపు నిండినవే. ఇంత చెప్పినా తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాళ్ళుంటారు. వాళ్ళను కుందేలు ముందు కూర్చుని దాని పెంటికలు చూడమంటాను. పెద్దవిగా, గుండ్రంగా, లేత గోధుమరంగులో ఉండి, వేళ్ళ మధ్య నలిపితే ఎండుగడ్డి పొడిలా విడిపోతే ఆ కుందేలు తినే గడ్డి దానికి సరిపోతున్నట్టే. చిన్నవిగా, నల్లగా, గట్టిగా, వెంట్రుకలతో దండలా వస్తుంటే సంచి ఎంత ఖరీదైనదైనా తిండిలో లోపం ఉన్నట్టే.

పశువైద్యులను ఒకటి కోరుతున్నాను. చీటీ మీద తిమోతి అని రాసే ముందు మీ ఊరి పేరు అడగండి, ఇంటి దగ్గర ఏ గడ్డి దొరుకుతుందో అడగండి. బల్ల మీద మంచి గరిక ఎండుగడ్డి ఒక గుప్పెడు ఉంచుకుని చూపించండి, ఇలాంటిది పెట్టండి అని చెప్పండి. రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయానికీ, తిరుపతిలోని విశ్వవిద్యాలయానికీ మరొకటి. పాడి పశువుల మేతలో పీచెంత, మాంసకృత్తులెంత, కాల్షియమెంత అని విశ్లేషించే విద్య మీకు ఉన్నదే. గరిక, అంజన్, రోడ్స్, చెంగలి ఎండుగడ్డికి ఆ పరీక్షలతో పాటు ఆక్సలేట్లూ చూసి, కుందేళ్ళు పెంచేవాళ్ళ కోసం తెలుగులో ఒక చిన్న పట్టిక వేయండి. ఏ నెలలో కోయాలో, ఏ వయసు కుందేలుకు ఏది ఎంత పెట్టాలో అందులో ఉంటే చాలు. అక్టోబరు లోపు అది చేతికి వస్తే ఈ ఏటి వానకు మొలిచిన గడ్డినే కోసి ఎండబెట్టుకోవచ్చు.